భితరకనికలో నీరు తీసే వేళ చూసుకుని పడవెక్కండి

భితరకనికకు వెళ్లేవాళ్లలో చాలామంది పొద్దున్నే చాంద్‌బాలిలో పడవెక్కి సాయంత్రానికి తిరిగి వచ్చేస్తారు. అలా చేయవద్దని నా సలహా. ఒడిశాలో బ్రాహ్మణి, వైతరణి నదులు సముద్రంలో కలిసేచోట ఉన్న ఈ మడ అడవిలో ఏది కనిపించాలన్నా ఆటుపోట్లు కలిసిరావాలి. పోటు మీదుంటే గంటల తరబడి తిరిగినా కాలువకు రెండు వైపులా పచ్చదనం తప్ప మరేమీ కనిపించదు.

ఆటు వచ్చి నీరు తీశాక, అందులోనూ చలికాలపు ఎండలో, ఉప్పునీటి మొసళ్లు బురదగట్ల మీదికి వచ్చి పడుకుంటాయి. మేము చూసిన ఒకదాని వీపు మీద బురద ఎండి బూడిదరంగు పెచ్చులు కట్టింది. ఒంటి వేడి తగ్గించుకోవడానికి నోరు బార్లా తెరిచి ఉంచింది. చుట్టూ మడచెట్ల శ్వాసవేర్లు మేకుల్లా పొడుచుకొచ్చాయి, వాటి మధ్య చిన్నచిన్న చేపలు బురదలో గెంతుతున్నాయి. ఫొటోల కోసమని పడవ నడిపే అతను మరీ దగ్గరికి పోనిచ్చేసరికి అది నీళ్లలోకి జారిపోయింది. నాకు చాలా బాధ కలిగింది. ఇంజను దూరంలోనే ఆపాలని ఎక్కకముందే గట్టిగా చెప్పండి. 1975 నుంచి ఇక్కడ గుడ్లు సేకరించి, పొదిగించి, పిల్లలను పెంచి వదలబట్టే ఈ జాతి మళ్లీ నిలదొక్కుకుంది.

బసకు పార్కు లోపల దంగ్‌మాల్‌లోని అటవీశాఖ కుటీరాలే మేలు. గదులు సాదాసీదాగా ఉంటాయి, ఫోను సిగ్నల్‌ను నమ్ముకోలేం. అయినా సాయంత్రమైతే చుక్కల దుప్పులు గుమ్మం దాకా వస్తాయి, ఉడుములు దారికి అడ్డంగా నడుస్తాయి. చాంద్‌బాలిలో ఉంటే తెల్లవారి వెలుగంతా పడవ ప్రయాణానికే సరిపోతుంది. లకుముకి పిట్టలు బాగా కనిపించేదీ ఆ వేళలోనే. ఇక్కడ 8 రకాలున్నాయి. వాటిలో ఎర్రని ముక్కు, నారింజ రంగు పొట్ట, గోధుమ రంగు రెక్కలున్న పిట్ట కోసం గైడును ప్రత్యేకంగా అడగండి. తీరప్రాంతపు మడ అడవులు దాటితే అది దొరకడం కష్టం.

అడవిలో బగగహన అనేచోట కనిపించే కొంగల గూళ్లు వానాకాలపు వేడుక. చలికాలంలో అక్కడికి నడిచి మంచె ఎక్కినా పెద్దగా ఏమీ ఉండదు. మొసళ్లు గూళ్లు కట్టే రోజుల్లో పార్కును మూసేస్తారు కాబట్టి తేదీలు ముందే కనుక్కోవాలి.

పక్కనే ఉన్న గహీర్‌మఠ తీరపు సముద్ర తాబేళ్లను కూడా కలిపి చూపిస్తామని ఎవరైనా చెబితే డబ్బు కట్టకండి. అవి మూకుమ్మడిగా గుడ్లు పెట్టే దీవులకు సందర్శకులను పోనివ్వరు. పోనివ్వకూడదు కూడా.