వైజాగ్‌లో కుక్కకి ఫిజియోథెరపీ ప్యాకేజీ కడుతున్నారా? ముందు ఇది చదవండి

ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, మధురవాడ వైపు కుక్కలున్నవాళ్ళు చాలామంది ఈ మధ్య ఒకే చోటు గురించి అడుగుతున్నారు. అందుకే రాస్తున్నాను. పేరు రాయను. రేపు లీగల్ నోటీసు అంటూ వస్తే ఆ తలనొప్పి నాది, పైగా ఇలాంటి దుకాణం ఒక్కటే ఉంటుందని నేను అనుకోవడం లేదు. అక్కడ నా కళ్ళతో చూసింది చెప్తాను, మీరు వెళ్ళే చోట అవే కనిపిస్తే డబ్బు కట్టకుండా వచ్చేయండి.

మావాడు లాబ్రడార్, పేరు సింబా, 36 కిలోలు (ఎక్కువే, తెలుసు, మా అత్తగారి ఇడ్లీల పుణ్యం). వెనక కుడికాలు మోకాలి లిగమెంట్ తెగింది. లాబ్రడార్లలో ఇది చాలా మామూలు, ఒక కాలిది తెగాక రెండోదీ తెగే కుక్కలు బోలెడు. ఆపరేషన్ చేసిన డాక్టర్ గారు కీలు బయట నుంచి నైలాన్ తీగ లాంటిది వేసి బిగించారు. ఆ తీగ తాత్కాలికమేనట, అసలు బలం తర్వాత కీలు చుట్టూ గట్టిపడే కణజాలం వల్ల వస్తుందని, దానికి వారాలు పడుతుందని, ఈలోపు గెంతడం, మెట్లు, టైల్స్ మీద జారడం ఏదీ కుదరదని గట్టిగా చెప్పారు. లీష్ కట్టి మెల్లగా నడిపించడమే. కుట్లు విప్పి, తాను మళ్ళీ చూసి సరే అన్నాక, దొరికితే నీళ్ళ ట్రెడ్‌మిల్ మంచిదన్నారు. ఆయన సరే అన్నాకే వెతకడం మొదలుపెట్టాం.

నీళ్ళ ట్రెడ్‌మిల్ అంటే తెలియనివాళ్ళకి: గాజు తొట్టిలో కింద బెల్టు తిరుగుతుంది, గోరువెచ్చని నీళ్ళు నింపుతారు, కుక్క అందులో నిదానంగా నడుస్తుంది. నీళ్ళు తుంటి ఎత్తుకి ఉంటే కాళ్ళ మీద పడే బరువు మామూలులో దాదాపు 38 శాతానికి తగ్గుతుంది, అదే నీళ్ళు మోకాలి దాకానే ఉంటే 85 శాతం దాకా పడుతుంది. అంటే నీటిమట్టం పెంచుతూ తగ్గిస్తూ కాలికి ఎంత పని ఇవ్వాలో మనిషి నిర్ణయించగలడు, బెల్టు వేగం కూడా మన చేతిలోనే ఉంటుంది. అంత ఖరీదు పెట్టేది ఆ అదుపు కోసమే.

నేను పేరు రాయనన్న ఆ చోటు వాళ్ళ ఇన్‌స్టాలో ఆ ట్రెడ్‌మిల్ మీద ఒక గోల్డెన్ రిట్రీవర్ ముద్దుగా నడుస్తుంటుంది. ఫోన్‌లో అడిగితే ఉంది మేడం, రండి మేడం అన్నారు. 12 సిట్టింగ్‌లు, 18,000, మొత్తం ముందే కట్టాలి, ఫోన్‌పే చేస్తేనే స్లాట్. తీరా వెళ్తే ట్రెడ్‌మిల్ ఉంది, కానీ దాని మీద డాగ్ ఫుడ్ అట్టపెట్టెలు పేర్చి ఉన్నాయి. మోటారు పోయిందట, చెన్నై నుంచి పార్టు రావాలట. "ఈలోపు పూల్‌లో చేయిద్దాం మేడం, పూల్ ఇంకా బెస్టు" అన్నాడు థెరపిస్ట్ అని పరిచయం చేసుకున్న అబ్బాయి.

బెస్టు కాదండీ, రెండూ వేరు. ఈతలో కాలు నేలకి ఆనదు, ఎంత గట్టిగా తన్నాలో కుక్క ఇష్టం. భయపడిందంటే నాలుగు కాళ్ళూ ఎడాపెడా కొడుతుంది, అప్పుడే బిగించిన మోకాలికి అంతకన్నా చెడ్డది లేదు. నేను వద్దు అనేలోపే మెడబెల్టు పట్టుకుని దింపేశారు. లైఫ్ జాకెట్ లేదు, ర్యాంపు లేదు, నీళ్ళు చల్లగా ఉన్నాయి (ఇలాంటి పనికి 30 డిగ్రీల అటూఇటూ ఉండాలి, చల్లటి నీళ్ళలో కండరాలు బిగుసుకుపోతాయి). సింబా గట్టు మీదకి ఎక్కడానికి గోళ్ళతో గీరుతున్నాడు, కళ్ళు తెల్లబడ్డాయి, నేను బయటికి తీయమని అరుస్తుంటే గట్టు మీద కూర్చున్న హెల్పర్ కుర్రాడు "ఏటీ అవ్వదు మేడం, అలవాటైపోద్ది" అంటున్నాడు. చివరికి నేనే దిగి ఎత్తుకున్నాను. 36 కిలోలు, తడి కుక్క.

ఆ సాయంత్రానికి మోకాలు ఉబ్బింది. మర్నాడు డాక్టర్ గారు కాలు కదిపి చూసి, తీగ కాస్త వదులైనట్టుందని, మళ్ళీ మొదటి నుంచి రెస్ట్ అని చెప్పారు. వారాల తరబడి పడ్డ కష్టం ఒక్క పూటలో పోయింది.

ఇప్పుడు అసలు సంగతి. పూల్ కన్నా నాకు మండింది వాళ్ళ ఫైలు చూశాక. డబ్బు వెనక్కి అడగడానికి వెళ్తే, "మేం అన్నీ రికార్డ్ చేస్తాం మేడం" అని గర్వంగా ఒక షీట్ చేతిలో పెట్టారు. జిరాక్స్ కాగితం. పైన పేరు దగ్గర వైట్‌నర్ పూసి "సింబా" అని రాశారు, వెలుతురుకి పట్టి చూస్తే కింద ఇంకో కుక్క పేరు కనిపిస్తోంది. జాతి దగ్గర పొమెరేనియన్ అనే ఉంది, అది చెరపడం మర్చిపోయారు. బరువు 4 కిలోలు. కింద తొడ చుట్టుకొలత అని ఒక గడి, మొత్తం సిట్టింగ్‌లకీ అంకెలు నింపేసి ఉన్నాయి, ఒకే పెన్ను, ఒకే చేతిరాత, ప్రతి సిట్టింగ్‌కి సరిగ్గా సెంటీమీటరు చొప్పున పెరుగుతూ. మావాడి తొడకి వాళ్ళు ఒక్కసారి కూడా టేపు పెట్టలేదు. పెట్టినా, కరిగిపోయిన కండ సిట్టింగ్‌కో సెంటీమీటరు లెక్కన పెరగదు, అది జిమ్‌కి వెళ్ళే కుర్రాళ్ళకి కూడా సాధ్యం కాదు.

నేను తీసుకెళ్ళిన ఎక్స్‌రేలు, ఆపరేషన్ కాగితం అసలు తెరవనే లేదు. "సర్జన్లు ఊరికే భయపెడతారు మేడం" అన్నారు. గోడ మీద ఫ్రేము కట్టిన సర్టిఫికెట్ ఉంటే దగ్గరికెళ్ళి చదివాను, రెండు రోజుల ఆన్‌లైన్ వెబినార్‌లో పాల్గొన్నందుకు ఇచ్చింది. విదేశాల్లో ఈ పనికి సీసీఆర్‌పీ, సీసీఆర్‌టీ లాంటి కోర్సులున్నాయి, అవి వెటర్నరీ డాక్టర్లూ ఫిజియోథెరపిస్టులూ వంటి వాళ్ళు నెలల తరబడి చదివి, పరీక్ష రాసి తెచ్చుకునేవి. మన దగ్గర అలాంటివాళ్ళు తక్కువే, ఒప్పుకుంటాను. కానీ కనీసం రిజిస్టర్డ్ వెటర్నరీ డాక్టర్ చూసి, జబ్బు ఏమిటో తేల్చి, ఇది చేయించు ఇది వద్దు అని రాసిస్తే దాని ప్రకారం చేయించాలి కదా. ఇండియన్ వెటర్నరీ కౌన్సిల్ చట్టం 1984 నుంచి ఉంది, డాక్టర్ అన్నవాళ్ళకి రిజిస్ట్రేషన్ నంబర్ ఉంటుంది. అడగండి. అడిగితే మొహం మాడ్చుకునేవాళ్ళ దగ్గర మనకేం పని?

ఇంకో ఘోరం, వచ్చేటప్పుడు నొప్పికని కాగితంలో చుట్టి మాత్రలు ఇచ్చారు, పేరు లేదు. ఏమిటివి అంటే "మనుషులకి వాడేదే మేడం, సేఫ్". ఇది మాత్రం అందరూ గుర్తుపెట్టుకోండి: మనం వేసుకునే ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కుక్కలకి కడుపులో పుండ్లు పడేలా చేస్తాయి, కిడ్నీలు పాడుచేస్తాయి. అప్పటికే డాక్టర్ మెలోక్సికామ్ ఇస్తుంటే దాని మీద ఇంకో నొప్పి మాత్ర వేయడం మరీ ప్రమాదం. తిండి మానేసినా, వాంతులైనా, విరేచనం నల్లగా తారులా వచ్చినా వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలి. ఆ పొట్లం తెచ్చి మా డాక్టర్ గారికే ఇచ్చాను, చూసి తల పట్టుకున్నారు.

డబ్బు సంగతి. "ప్యాకేజీ నాన్ రిఫండబుల్ మేడం, కావాలంటే గ్రూమింగ్‌కి అడ్జస్ట్ చేస్తాం". స్నానం చేయించుకోవడానికి 18,000! బిల్లు అడిగితే ఫోన్‌పే స్క్రీన్‌షాటే బిల్లు అన్నారు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం తప్పే, సేవ సరిగ్గా లేనప్పుడు డబ్బు వెనక్కి ఇవ్వననడమూ తప్పే. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఆన్‌లైన్‌లోనే వేస్తాను, 5 లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు, రెండేళ్ళ లోపు వేస్తే చాలు. మీరూ అక్కడ కట్టి ఇరుక్కుంటే చాట్‌లు, పేమెంట్ వివరాలు, వాళ్ళ ప్రకటన స్క్రీన్‌షాట్లు అన్నీ దాచుకోండి, పోస్టులు డిలీట్ అయ్యేలోపే.

మంచి చోటు ఎలా ఉంటుందని ఇన్‌బాక్స్‌లో అడుగుతున్నారు. ఇప్పుడు మేం డాక్టర్ గారు చూపించిన విధంగా ఇంట్లోనే చేయిస్తున్నాం కాబట్టి ఆ తేడా చెప్పగలను. ఆయన మొదట కుక్కని ముట్టుకోనే లేదు, వరండాలో అటూ ఇటూ నడిపించమని చూశారు. తర్వాత నిలబెట్టి ఏ కాలి మీద ఎంత బరువు వేస్తున్నాడో, తర్వాత రెండు తొడలకీ టేపు, కీలు ఎంత మడుస్తోందో కోణం కొలిచే స్కేలుతో. ఇవి రాసుకున్నాకే వ్యాయామం మాట. అదీ ఏముందని, రోజుకి కొన్నిసార్లు ఐదేసి నిమిషాల నడక, నిలబెట్టి తుంటిని మెల్లగా పక్కకి నెట్టి బరువు మార్పించడం, కూర్చోబెట్టి లేపడం తర్వాతెప్పుడో. హాల్లో టైల్స్ మీద రబ్బరు మ్యాట్లు పరిచాం, దానికే సగం కుంటు తగ్గినట్టుంది. నడక ఆరులోపే, వైజాగ్ ఉక్కలో ఎండెక్కితే కుక్క వగరుస్తూనే ఉంటుంది తప్ప ఒళ్ళు చల్లబడదు. బీచ్‌లో ఇసుక మీద పరుగులు అసలే వద్దన్నారు. వీటిలో 18,000 అయ్యేది ఏదైనా ఉందా చెప్పండి.

ఒక్క మాట, సుజాతనగర్ వైపు నుంచి ముసలి డాష్‌హండ్‌ని తెచ్చే అంకుల్ గారు ఎవరికైనా తెలిస్తే దయచేసి ఈ పోస్టు పంపండి. ఆ రోజు మాతోపాటే కూర్చున్నారు, కుక్కకి నడుం డిస్కు సమస్య అన్నారు, వెనక కాళ్ళు ఈడుస్తోంది. దానికీ అదే జిరాక్స్ షీట్ ఇచ్చారు, అందులో మెట్లెక్కించడం ఉంది. అంకుల్ గారూ, డిస్కు జారిన కుక్కని ముందు కొన్ని వారాలు బోనులో కదలకుండా ఉంచాలి, మెట్లు ఎక్కించకూడదు, సోఫా మీదకి గెంతనివ్వకూడదు, ఎత్తేటప్పుడు ఛాతీ కింద ఒక చెయ్యి, నడుం కింద ఒక చెయ్యి వేసి వీపు వంగకుండా ఎత్తాలి. వెనక కాలి వేలు గట్టిగా నొక్కినా తల తిప్పకుండా, అరవకుండా ఉంటే అది ఎమర్జెన్సీ, ఆపరేషన్‌కి గంటలే ఉంటాయి. మిగిలిన సిట్టింగ్‌లు పోతే పోనీండి, వెంటనే డాక్టర్‌కి చూపించండి.