ప్రెషర్ వాషరా, బకెట్ నీళ్లా? ఎలక్ట్రిక్ బండికి ఏది మేలు?

"వానలో తడిసినా ఏమీ కాని బండి ప్రెషర్ వాషర్‌కి ఎందుకు పాడవుతుంది? ఐపీ67 అని రాసుంది కదా!" అని చాలామంది అడుగుతున్నారు. ఐపీ అంటే దుమ్మునీ నీటినీ ఎంతవరకు ఆపుతుందో చెప్పే రేటింగ్. జవాబు ఆ అంకెల్లోనే ఉంది. 6 దుమ్ముకి, 7 నీటికి. ఒక మీటరు లోతు నిలవ నీళ్లలో 30 నిమిషాలు ముంచినా తట్టుకుంటుందని ఆ 7కి అర్థం. ధారగా కొట్టే నీళ్లకి 5, 6 అనీ, దగ్గర్నుంచి ప్రెషర్‌తో కొట్టే వేడినీళ్లకి 9 అనీ వేరే పరీక్షలున్నాయి. 7 ఉందని అవీ పాసైనట్టు కాదు. పైగా ఆ రేటింగ్ తరచూ బ్యాటరీకో మోటారుకో ఇస్తారు, బండి మొత్తానికి కాదు.

ప్రెషర్ వాషర్‌కి మంచి గుణం లేకపోలేదు. మడ్‌గార్డ్ అడుగున ఎండి అట్టకట్టిన మట్టి బకెట్‌తో అరగంటకి గానీ వదలదు, వాషర్‌తో రెండు నిమిషాల పని. కానీ అదే ధార చక్రం ఇరుసు దగ్గర పడితే నీళ్లని ఆపే రబ్బరు సీలు పెదవి పక్కకి ఒరిగి బేరింగ్ గ్రీజులోకి నీళ్లు చేరతాయి. ఆ రోజు ఏమీ తెలియదు. కొన్ని వారాలకి చక్రం తిప్పితే గరగరమంటుంది.

అయితే అసలు తేడా తెచ్చేది ప్రెషర్ కంటే వేడి అని నా అభిప్రాయం. తిరిగొచ్చిన బండికి హబ్ మోటారు (చక్రంలోనే ఉండే మోటారు) వేడిగా ఉంటుంది, లోపలి గాలి వ్యాకోచించి ఉంటుంది. దాని మీద చన్నీళ్లు పడగానే ఆ గాలి సంకోచిస్తుంది. సీళ్ల సందుల్లోంచి, ఇరుసులో వైర్లు దూరే కంతలోంచి నీటిని లోపలికి పీల్చుకుంటుంది. బకెట్‌తో కడిగినా ఇది తప్పదు. అందుకే బండి ఆపాక కనీసం అరగంట, మోటారు మీద చెయ్యి ఆనిస్తే చల్లగా తగిలేదాకా ఆగాలి.

బకెట్ పద్ధతికి రెండు బకెట్లు కావాలి. ఒకదాంట్లో బండ్ల షాంపూ కలిపిన నీళ్లు, ఇంకోదాంట్లో గుడ్డ జాడించడానికి మంచినీళ్లు. ఒక్క బకెట్టే అయితే గుడ్డకి అంటిన ఇసుకే పెయింట్‌ని గీస్తుంది. పవర్ ఆపి, ఛార్జింగ్ మూత బిగించి, పైనుంచి కిందికి రండి. బ్రేకు డిస్కుకి షాంపూ, పాలిష్ తగలనివ్వొద్దు. దాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన వేరే గుడ్డతో తుడవాలి. ఇరుసు చుట్టూ పాత టూత్‌బ్రష్ చాలు. గొలుసు ఉంటే పూర్తిగా ఆరాకే నూనె వేయాలి. బెల్టుకి నూనె అసలు తగలకూడదు.

కడిగాక డిస్‌ప్లే వెలిగినా బండి కదలకపోతే మోటారుకి కరెంటు పంపే కంట్రోలర్ పోయిందని కంగారుపడొద్దు. బ్రేకు లివర్ స్విచ్‌లోనో సైడ్ స్టాండ్ సెన్సార్‌లోనో తడి ఉంటే బండి ఇంకా బ్రేకు పట్టే ఉందనో, స్టాండ్ దించే ఉందనో అనుకుని మోటారుకి కరెంటు ఆపేస్తుంది. చాలాసార్లు ఆరితే సర్దుకుంటుంది. మోటారు కుదుపులతో తిరిగితే మాత్రం హాల్ సెన్సార్ల (మోటారు ఏ స్థానంలో ఉందో చెప్పేవి) సన్న వైర్ల కనెక్టర్ చూడండి. పిన్నుల మీద ఆకుపచ్చ చిలుము కనిపిస్తే కాంటాక్ట్ క్లీనర్‌తో శుభ్రం చేసి, ఆరాక డైఎలక్ట్రిక్ గ్రీజు (కరెంటు పారని గ్రీజు) పల్చగా రాసి బిగించాలి. ఆ వైరు కనెక్టర్ కంటే కాస్త కిందికి వేలాడి మళ్లీ పైకెక్కేలా కట్టండి. నీటిబొట్టు ఆ వంపులోనే జారిపోతుంది.

తోట పైపు? జల్లులా పడితే పరవాలేదు. మూతికి వేలు అడ్డం పెట్టి చిమ్మితే అదీ వాషర్ బాపతే. నీళ్లు లేకుండా స్ప్రే కొట్టి తుడిచేవి పైపై దుమ్ముకి సరే, మట్టి ఉంటే గీతలే.

ఇంట్లో వాషర్ ఉండి వాడక తప్పదనుకుంటే టైర్లకీ, మడ్‌గార్డ్ అడుగుకీ మాత్రం, మీటరు దూరం నుంచి, ఇరుసు వైపు తిప్పకుండా కొట్టండి. మిగతాది బకెట్‌తోనే. ఛార్జింగ్ సాకెట్ పొడిగా ఉందని మూత తీసి చూసుకున్నాకే ఛార్జర్ పెట్టండి.