అమెరికా అంతర్యుద్ధపు సిపాయి జాడ: ఏ సైటు ఎంతవరకు, డబ్బు దేనికి

1861–65 అమెరికా అంతర్యుద్ధంలో పనిచేసిన పూర్వీకుల ఆచూకీ తీయడానికి దొరికే సాధనాలను ఏళ్ల తరబడి వాడిన మీదట రాస్తున్న సమీక్ష ఇది. అమెరికన్ కుటుంబాలతో వియ్యమందిన తెలుగిళ్లు ఇప్పుడు చాలానే ఉన్నాయి. మనవడి వంశవృక్షంలో ఒక కొమ్మ గోదావరి జిల్లాకీ, ఇంకో కొమ్మ ఒహాయో రెజిమెంటుకీ పోవడం వింతేమీ కాదు. ఆ రెండో కొమ్మ పట్టుకుని వెళ్లేవాళ్లకి ఇది పనికొస్తుంది.

అందరూ మొదట తెరిచేది నేషనల్ పార్క్ సర్వీస్ (అమెరికా జాతీయ పార్కుల శాఖ) వాళ్ల సోల్జర్స్ అండ్ సెయిలర్స్ డేటాబేస్. పూర్తిగా ఉచితం. 63 లక్షల పేర్లున్నాయి. అయితే అవి పేర్లే, అంతమంది మనుషులు కాదు. ఒకడు రెండు రెజిమెంట్లలో పనిచేస్తే రెండుసార్లు వస్తాడు, పేరు రెండు రకాలుగా రాసి ఉన్నా రెండుసార్లు వస్తాడు. పేరు, ఏ పక్షం (ఉత్తరాది యూనియనా, విడిపోయిన దక్షిణాది కాన్ఫెడరసీయా), రెజిమెంటు, అందులో ఏ కంపెనీ అనే దళం, చేరినప్పటి హోదా, బయటికొచ్చినప్పటి హోదా ఇస్తుంది. వయసు, ఊరు, తల్లిదండ్రుల పేర్లు ఉండవు. విలియం జాన్సన్ అని కొడితే వచ్చే ఆ పొడుగాటి జాబితాలో మీవాడెవరో ఈ డేటాబేసు ఎప్పటికీ చెప్పలేదు. సూచికగా దీన్ని మించింది లేదు, రుజువుగా మాత్రం సున్నా.

అందుకే పేరుతో కాకుండా చావుతో మొదలుపెట్టాలి. సమాధి రాయి, పత్రికలో వచ్చిన మరణవార్త, ముసలితనంలో ఉన్న ఊరు, వీటి నుంచి వెనక్కి నడవాలి. ప్రభుత్వం ఇచ్చిన రాళ్లలో యూనియన్ సిపాయిది పైన గుండ్రంగా ఉండి, లోపలికి చెక్కిన డాలు ఆకారంలో పేరు, కంపెనీ, రెజిమెంటు ఉంటాయి. కాన్ఫెడరేట్ రాయి కొస మొనదేలి ఉంటుంది. మరణవార్తలో జి.ఎ.ఆర్. అన్న మూడక్షరాలు కనిపిస్తే అతను యూనియన్ మాజీ సైనికుల సంఘం సభ్యుడు. 1910 జనాభా లెక్కల్లో 30వ గడి చూడండి: యు.ఎ. అంటే యూనియన్ సైన్యం, యు.ఎన్. యూనియన్ నౌకాదళం, సి.ఎ., సి.ఎన్. కాన్ఫెడరేట్లవి. ఆ గడి మీద తర్వాత వేరే గుమాస్తా గీసిన అంకెలు పడి ఉంటాయి, కాస్త కళ్లు చికిలించాలి.

1890లో యూనియన్ మాజీ సైనికులనీ, వాళ్ల వితంతువులనీ విడిగా లెక్క రాశారు. రెజిమెంటు, కంపెనీ, చేరిన తేదీ, విడుదలైన తేదీ, ఒంట్లో లోపం, అన్నీ ఒకే వరసలో ఉంటాయి. కానీ అక్షరక్రమంలో అలబామా నుంచి కాన్సస్ దాకా, కెంటకీలో కొంత భాగం పోయాయి. ఇల్లినాయ్, ఇండియానా, అయోవా వాళ్లకి ఈ దారి మూసుకుపోయినట్టే. ఇల్లినాయ్ వాళ్లకి మాత్రం రాష్ట్ర ఆర్కైవ్స్ ఉచిత డేటాబేసు ఆ లోటు తీరుస్తుంది. అందులో చేరినప్పుడు ఉన్న ఊరు, వయసు, ఎత్తు, జుట్టు రంగు, కంటి రంగు కూడా దొరుకుతాయి.

కౌంటీ (మన జిల్లా లాంటిది) తెలిసిందంటే సగం పని అయినట్టే. స్వచ్ఛంద దళాల్లో కంపెనీలు ఎక్కువగా ఒకే కౌంటీ కుర్రాళ్లతో కట్టినవి. కాల్బల రెజిమెంటుకి పది కంపెనీలు, ఎ నుంచి కె దాకా. చేతిరాతలో ఐతో కలిసిపోతుందని జె వాడేవారు కాదు. ఎక్కడైనా 'కంపెనీ జె' అని కనిపిస్తే అది తప్పుగా చదివిన ఐ అనుకోవచ్చు. అదే కంపెనీలో తమ్ముడో, బావమరిదో, 1860 జనాభా లెక్కల్లో పక్కింటివాడో కనిపిస్తే మీరు సరైన మనిషి దగ్గరే ఉన్నారు.

తర్వాతది కంపైల్డ్ సర్వీస్ రికార్డు. యుద్ధం అయిపోయిన ఎన్నో ఏళ్లకి వార్ డిపార్ట్‌మెంట్ గుమాస్తాలు మస్టర్ రోళ్లు (హాజరు పట్టీలు), ఆసుపత్రి, ఖైదీల పుస్తకాలు చూసి మనిషికో కవరు చొప్పున కార్డుల్లోకి ఎక్కించిన నకళ్లు ఇవి. కాన్ఫెడరేట్లవి ఫోల్డ్3 అనే చందా సైటులో స్కాన్ చేసిన బొమ్మలుగానే దొరుకుతాయి. యూనియన్‌వి కొన్ని రాష్ట్రాలకే ఉన్నాయి, మిగతావి నేషనల్ ఆర్కైవ్స్ (అమెరికా ప్రభుత్వ పాత కాగితాల భాండాగారం) నుంచి తెప్పించుకోవాలి. భార్య పేరో, తండ్రి పేరో ఇక్కడ దొరుకుతుందని ఆశ పెట్టుకోవద్దు. దీని విలువ వేరు. హాజరు మామూలుగా రెండు నెలలకోసారి వేసేవారు. మెయిన్ రాష్ట్రపు 20వ రెజిమెంటు 1863 జులై 2న గెటీస్‌బర్గ్ పోరులో లిటిల్ రౌండ్ టాప్ గుట్ట మీద నిలబడిందని పుస్తకాల్లో ఉంటుంది. అందులో మీ ముత్తాత ఉన్నాడా లేదా అన్నది మే–జూన్ కార్డూ, జులై–ఆగస్టు కార్డూ పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. రెండింట్లోనూ హాజరని ఉంటే అతను అక్కడ ఉండే అవకాశం చాలా ఎక్కువ. 'జబ్బుతో గైర్హాజరు' అని ఉంటే రెజిమెంటు కీర్తి అతనికి అంటగట్టకండి. ఆన్‌లైన్ వంశవృక్షాల్లో సగం వీరగాథలు ఈ కార్డులు తిరగెయ్యకుండా రాసినవే.

అసలు నిధి పెన్షన్ ఫైలు. డబ్బు పెట్టదలిస్తే దీనికే పెట్టండి. 1890 చట్టం వచ్చాక, 90 రోజులు పనిచేసి గౌరవంగా విడుదలైనవాడికి ఒంట్లో లోపం ఉంటే చాలు, అది యుద్ధంలోనే వచ్చిందని నిరూపించక్కర్లేదు. 1907 నుంచి 62 ఏళ్లు నిండడమే అర్హత. కాబట్టి అంతదాకా బతికిన యూనియన్ సిపాయికి ఫైలు ఉండకపోవడం అరుదు. 1898లో, మళ్లీ 1915లో పెన్షన్ బ్యూరో పంపిన ప్రశ్నపత్రాల్లో భార్య పుట్టింటి పేరు, పెళ్లి ఎప్పుడు, ఎక్కడ, ఎవరు చేశారు, పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు, అన్నీ సిపాయి తన నోటితో చెప్పినవే ఉంటాయి. వితంతువు దరఖాస్తు అయితే పెళ్లి రుజువుగా కుటుంబ బైబిల్లోంచి చింపి పంపిన పేజీ కూడా దొరకవచ్చు.

దీనికి రెండు సూచికలున్నాయి. టి288 పేరు వారీగా, టి289 రాష్ట్రం, రెజిమెంటు, కంపెనీ వారీగా. పేరు అడ్డదిడ్డంగా రాసి ఉంటే రెండోదే గతి. కంపెనీ మొత్తం తిరగేస్తే జర్మన్, ఐరిష్ పేర్లు ఎన్ని వేషాల్లో ఉన్నా బయటపడతాయి. మొదటిది యాన్సెస్ట్రీ అనే చందా సైటులో, రెండోది ఫోల్డ్3లో, రెండూ ఫ్యామిలీసెర్చ్ అనే వంశవృక్షాల సైటులో ఉన్నాయి. ఫ్యామిలీసెర్చ్ ఉచితమే గానీ కొన్ని బొమ్మలు వాళ్ల కేంద్రాల్లోనే తెరుచుకుంటాయి. మిగతా రెండింటికి చందా కట్టేముందు మీ ఊరి పబ్లిక్ లైబ్రరీలో అడగండి, చాలాచోట్ల అక్కడ కూర్చుని ఊరికే చూసుకోవచ్చు.

ఈ సూచికల కార్డు మీద దరఖాస్తు సంఖ్య, సర్టిఫికెట్ సంఖ్య అని రెండుంటాయి. సర్టిఫికెట్ సంఖ్య ఖాళీగా ఉంటే పెన్షన్ మంజూరు కాలేదన్నమాట. అయినా తెప్పించండి, తిరస్కరించిన ఫైళ్లలో వాంగ్మూలాలు ఇంకా దండిగా ఉంటాయి. భార్యకీ పెన్షన్ వస్తే భర్త కాగితాలు ఆమె ఫైల్లోకి చేర్చేసేవారు. అందుకని కార్డు మీద వితంతు సర్టిఫికెట్ సంఖ్య ఉంటే దాన్నే రాయాలి. భర్త సంఖ్యతో అడిగి 'దొరకలేదు' అనిపించుకునేవాళ్లు ఎక్కువగా ఇక్కడే దెబ్బతింటారు. మంజూరైన వితంతు ఫైళ్లు కొన్ని ఫోల్డ్3లో పూర్తిగా ఉన్నాయి, ముందు అక్కడ చూశాకే డబ్బు కట్టండి. ఎక్స్.సి. అని మొదలయ్యే సంఖ్యలు తర్వాతి కాలం దాకా పెన్షన్ నడిచినవాళ్లవి. ఆ ఫైళ్లు వాషింగ్టన్‌లో కాకుండా వేరేచోట ఉండొచ్చు.

నేషనల్ ఆర్కైవ్స్‌లో పెన్షన్‌కి ఫారం 85, సర్వీస్ రికార్డుకి ఫారం 86. పూర్తి ఫైలు మొదటి 100 పేజీలకి 80 డాలర్లు, ఆపైన పేజీకి 70 సెంట్లు, సర్వీస్ రికార్డు 30 డాలర్లు. ధరలు మారుతుంటాయి, కట్టేముందు ఓసారి చూసుకోండి. 30 డాలర్లకే వచ్చే పెన్షన్ 'ప్యాకెట్' జోలికి పోవద్దు. అందులో సిబ్బంది ఏరి ఇచ్చిన కొన్ని కాగితాలే వస్తాయి. అసలు కథంతా ఉండే ఇరుగుపొరుగు వాంగ్మూలాలు ఫైల్లోనే ఉండిపోతాయి. వాషింగ్టన్‌లో చుట్టాలుంటే చదువుగదికి వెళ్లి సొంత కెమెరాతో ఫొటోలు తీసుకోమనండి, నకళ్ల ఖర్చే ఉండదు.

నల్లజాతి సిపాయిల వారసులకి ఈ ఫైళ్లు మరీ ముఖ్యం. యు.ఎస్.సి.టి. (యునైటెడ్ స్టేట్స్ కలర్డ్ ట్రూప్స్, అంటే యూనియన్ సైన్యంలోని నల్లజాతి దళాలు) రెజిమెంట్లలో దాదాపు 1,79,000 మంది పనిచేశారు. బానిసత్వంలో జరిగిన పెళ్లికి ధ్రువపత్రం ఉండదు కాబట్టి వితంతువు తరఫున పాత తోటివాళ్లు వచ్చి సాక్ష్యం చెప్పేవారు: ఏ తోటలో ఉండేవారు, యజమాని ఎవరు, పెళ్లి ఎప్పుడైంది, ఏ బిడ్డ ఎప్పుడు పుట్టింది. 1870కి ముందు జనాభా లెక్కల్లో బానిసల పేర్లు దాదాపుగా రాయలేదు. ఆ గోడ దాటించే కాగితాల్లో వీటికి సాటి వచ్చేవి తక్కువ. విడుదలయ్యాక ఇంటిపేరు మార్చుకున్నవాళ్లు చాలామంది, సూచికలో మారుపేరు గడి తప్పక చూడాలి.

కాన్ఫెడరేట్ వైపు లెక్క వేరు. వాళ్లకి ఆ పెన్షన్లు ఇచ్చింది రాష్ట్రాలు, కేంద్రం కాదు. అదీ పనిచేసిన రాష్ట్రం కాదు, ముసలితనంలో నివాసమున్న రాష్ట్రం. జార్జియా రెజిమెంటులో ఉండి టెక్సస్‌కి వలసపోయినవాడి దరఖాస్తు టెక్సస్‌లో వెతకాలి. ఫ్లోరిడా, వర్జీనియా తమ దరఖాస్తులను ఉచితంగా ఆన్‌లైన్‌లో పెట్టాయి. సర్వీస్ రికార్డు కార్డుల్లో పేరు బదులు జె. డబ్ల్యు. లాంటి పొడి అక్షరాలే ఎక్కువ, కాబట్టి పూర్తి పేరుతో ఒక్కటే వెతికి లేడని తేల్చేయకండి. ఖైదీగా చిక్కినవాడైతే పట్టుబడిన చోటు, తేదీ, ఏ శిబిరంలో ఉంచారు, విధేయతా ప్రమాణం చేస్తే ఒంటి గుర్తులు కూడా దొరుకుతాయి. ఖైదు నుంచి బయటపడడానికి యూనియన్ పక్షాన చేరినవాళ్లు కొందరున్నారు, వాళ్ల పేర్లు 1 నుంచి 6 దాకా ఉన్న యు.ఎస్. వాలంటీర్ రెజిమెంట్లలో కనిపిస్తాయి. ఒకే మనిషి రెండు పక్షాల్లో తేలితే ముందు ఈ సంగతి సరిచూసుకోండి.

రెగ్యులర్ ఆర్మీవాళ్లకీ (స్వచ్ఛంద దళాలు కాక శాశ్వత సైన్యం), నావికులకీ పైన చెప్పిన కార్డుల కవర్లు ఉండవు. మొదటివారికి ఎం233 అనే చేరికల రిజిస్టరు, రెండోవారికి నౌకాదళపు చేరిక పట్టీలు, నేవీ పెన్షన్ సూచిక. ఇక 1863 నిర్బంధ చేరికల జాబితాలో పేరు కనబడగానే సిపాయి అనుకోవద్దు. 20 నుంచి 45 ఏళ్ల మగవాళ్లని రాసుకున్న పట్టిక అది, పేరు రాసుకున్నంత మాత్రాన అతను యుద్ధానికి వెళ్లినట్టు కాదు.