కోస్టారికాలో స్లాత్‌ను ఎత్తుకోనిస్తామంటే డబ్బు కట్టకండి

స్ప్రింగ్ బ్రేక్‌కి డాలస్ నుంచి మధ్య అమెరికాలోని కోస్టారికా వెళ్లే మనవాళ్లు ఈమధ్య బాగా పెరిగారు. టికెట్లు కొన్నవాళ్లు ఒక్కసారి ఇది చదవండి. స్లాత్ అంటే చెట్ల మీదే బతుకుతూ చాలా నెమ్మదిగా కదిలే జంతువు. మేం నలుగురం వెళ్లి 100 డాలర్లు పోగొట్టుకున్నాం, డబ్బు ఒక్కటే అయితే ఇంత రాసేవాణ్ణి కాదు.

కరీబియన్ తీరంలో కహుయితా వెళ్లే దారిలో 'రెస్క్యూ సెంటర్' (జంతు సంరక్షణ కేంద్రం) అని బోర్డు కనిపించి ఆగాం. మనిషికి 25 డాలర్లు, క్యాషే, రసీదు లేదు. "ఇదంతా తల్లిలేని స్లాత్ పిల్లల పాలకే" అన్నాడు అక్కడున్నతను. అట్టపెట్టెలోంచి ఒక స్లాత్ పిల్లను తీసి మా పాప చేతికిచ్చాడు. అది రెండు చేతులూ చాపింది. "హగ్ ఇస్తోంది చూడండి" అంటే నమ్మి, మురిసిపోయి ఫోటోల మీద ఫోటోలు తీశాం. వెనకాల ఇంకో పదిమంది వరసలో ఉన్నారు.

మర్నాడు కహుయితా నేషనల్ పార్కులో మా గైడ్‌కి ఆ ఫోటో చూపించాను. ఆయన ముఖం మాడిపోయింది. స్లాత్ పిల్ల నెలల తరబడి తల్లి పొట్టను కరుచుకునే ఉంటుందట. మా పాప దగ్గర అది చేతులు చాపింది పట్టు దొరక్క. మూడు వేళ్ల స్లాత్ ముఖం తీరే నవ్వుతున్నట్టుంటుంది, భయంతో వణికినా అలాగే కనిపిస్తుంది. ఇలా ఫోటోల కోసం చేతులు మారే పిల్లల్ని చాలాసార్లు తల్లి దగ్గర్నుంచి లాక్కొస్తారని చెప్పాడు. చిన్నప్పుడు మా వీధిలోకి ఎలుగుబంటిని ఆడించేవాళ్లు వస్తే, దాని వెంట్రుక తాయెత్తులో పెట్టించి నా మెడలో కట్టింది మా అమ్మమ్మ. ఇన్నేళ్లకి నేనూ అదే పని చేశాను, కాకపోతే ఐఫోన్‌తో.

అసలైన రెస్క్యూ సెంటర్లు ఉన్నాయి, వాటికి చేతినిండా పని. చెట్లు కొట్టేసిన చోట స్లాత్‌లు కరెంటు తీగలు పట్టుకుని దాటుతాయి. తొడుగులేని తీగలకు షాక్ కొట్టి తల్లి చచ్చిపోతే, పొట్టమీది పిల్ల ఒక్కోసారి బతుకుతుంది. వారానికోసారి మలవిసర్జనకు కిందికి దిగుతాయి, అప్పుడు కుక్కలు పడతాయి. రోడ్డు దాటుతూ కార్ల కింద పడేవి ఇంకొన్ని. దెబ్బలు తగిలినవాటికి వైద్యం చేసి, అనాథ పిల్లలకు కొమ్మెక్కడం, ఆకులు తినడం అలవాటు చేసి అడవిలో వదలడానికి నెలలు పడుతుంది. మనుషులకు మాలిమి అయితే వదలడం కష్టం, అందుకే అక్కడ ముట్టుకోనివ్వరు. కొన్ని సంస్థలు రోడ్ల మీదుగా చెట్టుకీ చెట్టుకీ తాడు వంతెనలు కూడా కడుతున్నాయి.

కాబట్టి ముట్టుకోండి, తినిపించండి, సెల్ఫీ గ్యారంటీ అన్నారంటే బోర్డు మీద ఏమున్నా వెనక్కి తిరగండి. అడవి జంతువులతో సెల్ఫీలు వద్దని కోస్టారికా ప్రభుత్వమే 2019లో ప్రచారం మొదలుపెట్టింది. 2021లో స్లాత్‌ను జాతీయ చిహ్నాల్లో చేర్చింది కూడా. మంచి గైడ్‌ని పెట్టుకుంటే చెట్టు మీదే చూడొచ్చు, బైనాక్యులర్స్ మర్చిపోవద్దు.

తిరిగొచ్చాక ఆ ఫోటో వాట్సాప్‌లో చూసి, చోటు ఎక్కడో చెప్పమని నలుగురు అడిగారు. స్టేటస్ తీసేశాను, వాళ్లకి ఈ పోస్టే పంపుతున్నాను.