వరల్డ్ హ్యాపినెస్ రిపోర్ట్ 2025: స్కోరును నమ్మొచ్చు, ర్యాంకును కాదు

ఏటా మార్చి 20 వస్తే చాలు, దేశాలను సంతోషం ప్రకారం వరుసపెట్టే ఈ నివేదిక మీద అదే వార్త: ఫిన్లాండ్ మళ్లీ ఫస్టు, మనం వందకు అవతల. 2025 నివేదికలో 147 దేశాలుంటే భారత్‌ది 118వ స్థానం, పాకిస్తాన్‌ది 109. ఈ రెండు అంకెల మీద రోజంతా చర్చలు నడుస్తాయి గానీ నివేదిక తెరిచి చూసేవాళ్లు తక్కువ. తెరిస్తే లోపల సరుకు గట్టిదే. అందరూ చూసే ర్యాంకుల పట్టికే అందులో అన్నిటికంటే బలహీనమైన భాగం.

ర్యాంకు మొత్తం ఒకే ప్రశ్న మీద నిలబడి ఉంది. సున్నా నుంచి 10 దాకా మెట్లున్న నిచ్చెనను ఊహించుకోమంటారు. మీకు సాధ్యమైన జీవితాల్లో అత్యుత్తమమైనది పైమెట్టు, అతి హీనమైనది అడుగుమెట్టు. ఇప్పుడు మీరు ఏ మెట్టు మీద ఉన్నట్టు అనిపిస్తోంది? హాడ్లీ కాంట్రిల్ 1965లో ప్రచురించిన పద్ధతి ఇది. గాలప్ సంస్థ ఏటా ఒక్కో దేశంలో సుమారు వెయ్యి మందిని, 15 ఏళ్లు నిండినవారిని, ఇదే అడుగుతుంది. ధనిక దేశాల్లో ఎక్కువగా ఫోన్లో, మన దగ్గర ఇంటికి వచ్చి. మూడేళ్ల జవాబుల సగటే స్కోరు.

మరి తలసరి ఆదాయం, కష్టంలో ఆదుకునే మనుషులు, ఆరోగ్యంగా బతికే ఏళ్లు, స్వేచ్ఛ, దానగుణం, అవినీతి అంటూ రంగురంగుల పట్టీలు చూపిస్తారే, అవేమిటి? పొరపాటు పడేది ఇక్కడే. ఈ ఆరింటినీ కూడితే స్కోరు వస్తుందని పత్రికలు సైతం రాసేస్తుంటాయి. స్కోరు జవాబుల నుంచి ముందే వచ్చేసింది. దేశాల మధ్య తేడాలో ఎంత భాగాన్ని ఈ ఆరు అంశాలతో వివరించవచ్చో తర్వాత రిగ్రెషన్ అనే గణాంక పద్ధతితో లెక్కగట్టి పంచుతారు. ఆరింటిలోనూ అట్టడుగున ఉండే 'డిస్టోపియా' అనే ఊహాదేశానికి వేసిన స్కోరు, వివరణకు అందని మిగులు కలిసి 'డిస్టోపియా + శేషం' అనే చివరి పట్టీలో పడతాయి. కాబట్టి ఫలానా పట్టీని పెంచుకుంటే ర్యాంకు పెరిగిపోతుందన్న వాదనకు ఈ బొమ్మ ఆధారం కాదు.

ఇక ర్యాంకు సంగతి. డెన్మార్క్ 7.521తో రెండోది, ఐస్‌లాండ్ 7.515తో మూడోది. తేడా 0.006. జవాబుల ప్రామాణిక విచలనం, అంటే అవి సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత, 2 అనుకుంటే, మూడేళ్లకు 3,000 మంది సగటులో ±0.07 వరకు పొరపాటుకు అవకాశం ఉంటుంది. ఊళ్లనూ వీధులనూ గుంపులుగా ఎంచుకునే శాంపిల్ కాబట్టి నిజానికి అది ఇంకా పెద్దది. అంటే ఆ రెండు దేశాల్లో ఏది రెండో స్థానం అన్న ప్రశ్నకు అర్థమే లేదు. ఫిన్లాండ్ స్కోరు 7.736. డెన్మార్క్ కంటే అది 0.215 ఎక్కువ కాబట్టి ఆ మొదటి స్థానం మాత్రం గట్టిదే. పట్టిక మధ్య భాగంలో దేశాలు దగ్గర దగ్గరగా కిక్కిరిసి ఉంటాయి. అక్కడ ఐదారు స్థానాలు అటూ ఇటూ కావడం శాంపిల్ మారినందువల్ల కూడా జరుగుతుంది.

పట్టికలో ఎన్ని దేశాలున్నాయన్నదీ ఏటా మారుతుంది. 2023లో భారత్ 137 దేశాల్లో 126. 2024లోనూ 126, కానీ 143 దేశాల్లో. స్కోరు చూస్తే 4.036 నుంచి 4.054, అంటే కదలిక లేనట్టే. 2025లో ఒక్కసారిగా 4.389. దీన్ని "ఏడాదిలో ఎనిమిది స్థానాలు మెరుగు" అని చదివితే అసలు విషయం జారిపోతుంది. 2024 నివేదికలో ఉన్నది 2021-23 సగటు, 2025లో ఉన్నది 2022-24 సగటు. రెండేళ్లు రెండింటిలోనూ ఉన్నాయి. 2021 బయటికి పోయి 2024 లోపలికి వచ్చింది, అంతే. సగటు 0.335 పెరగాలంటే ఆ రెండేళ్ల మధ్య తేడా దానికి మూడు రెట్లు, దాదాపు ఒక పూర్తి మెట్టు ఉండాలి. 2021 అంటే కోవిడ్ రెండో వేవ్ ఏడాది. అప్పటితో పోలిస్తే 2024లో జవాబులు అంత మారాయన్నదే ఇక్కడి అసలు వార్త.

పాకిస్తాన్ స్కోరు 4.768. మనతో తేడా 0.379, శాంపిల్ పొరపాటు కింద కొట్టిపారేయలేనిది. మన తలసరి ఆదాయం వాళ్లకంటే ఎక్కువైనా ఈ తేడా ఉందంటే, ఆదాయంతో దీన్ని వివరించలేమన్నమాట. నచ్చలేదని సర్వేను తిట్టడం కంటే అక్కడివాళ్లు తమ జీవితాన్ని మనకంటే పై మెట్టు మీద ఎందుకు పెడుతున్నారో ఆలోచించడం మేలు.

నిచ్చెన బొమ్మకూ దాని దోషం దానికుంది. స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2024లో ప్రచురించిన అధ్యయనంలో, నిచ్చెన అనగానే జనానికి డబ్బు, అధికారం ఎక్కువగా గుర్తొస్తున్నాయని తేలింది. నిన్న నవ్వారా, దిగులుపడ్డారా అని కూడా గాలప్ విడిగా అడుగుతుంది. నవ్వు వంటి మంచి అనుభవాల జాబితాలో ఫిన్లాండ్ కంటే పరాగ్వే వంటి లాటిన్ అమెరికా దేశాలు చాలా ఏళ్లు ముందున్నాయి. 'హ్యాపినెస్' అన్న పేరు పెట్టి జీవితానికి వేసుకునే మార్కులను చూపించడం ఈ నివేదికలో నాకు అస్సలు నచ్చని పని.

ఎవరిని అడిగారన్నది మరో ప్రశ్న. యూఏఈ 21వ స్థానంలో ఉంది. గల్ఫ్‌లో అరబ్బులు కాని వలస కార్మికులు సర్వే నడిపే భాషల్లో ఏదో ఒకటి వస్తేనే లెక్కలోకి వస్తారు. జగిత్యాల, నిజామాబాద్ నుంచి వెళ్లి తెలుగు తప్ప మరో భాష రాని కూలీ ఆ స్కోరులో లేడు.

ప్రత్యామ్నాయాల్లో ఇప్సోస్ సర్వే భారత్‌ను బాగా పైన చూపిస్తుంది. కానీ మన దగ్గర ఆ శాంపిల్ పట్టణాల్లోని చదువుకున్న, కాస్త కలిగిన వర్గం వైపు మొగ్గి ఉంటుందని ఆ సంస్థే చెబుతుంది. భూటాన్ జాతీయ సర్వే తొమ్మిది రంగాలు, 33 సూచికలతో మరింత లోతైనది. అది తన దేశం కోసం చేసుకున్నది కాబట్టి ఇతర దేశాలతో పోల్చడానికి పనికిరాదు.

వాడదలిస్తే ఇలా వాడండి. నివేదిక సైట్‌లో డేటా ఎక్సెల్ ఫైలు ఉచితం. ర్యాంకు కాలమ్‌ను దాచేయండి. స్కోరు పక్కనున్న, పొరపాటు ఎంత వరకు ఉండొచ్చో చూపే పై, కింది హద్దులు తీసుకోండి. రెండు దేశాల హద్దులు బాగా కలిసిపోతుంటే వాటిని సమానంగానే చూడండి. ఒకే దేశం మార్పు చూడాలంటే కనీసం మూడేళ్ల ఎడమున్న నివేదికలను పోల్చండి, అప్పుడే ఒకే ఏడాది రెండు సగటుల్లోనూ పడదు. డేటాకు ఐదుకు నాలుగు ఇస్తాను, ర్యాంకుల పట్టికకు ఒకటిన్నర.

ఈ లెక్కలతో ఆంధ్రప్రదేశ్‌కో తెలంగాణకో ర్యాంకు కట్టి చూపిస్తే మాత్రం అసలు నమ్మకండి. దేశం మొత్తానికి 3,000 మంది అనుకున్నా, 2011 జనాభా లెక్కల ప్రకారం రెండు రాష్ట్రాలకూ కలిపి వచ్చేది ఏడు శాతం, 210 మంది. ఆ సగటులో పొరపాటు ±0.27 దాకా ఉంటుంది, రెండుగా విడదీస్తే ఇంకా ఎక్కువ.