కిరాయి ఇంట్లో ఉన్నోళ్లకు ఇందిరమ్మ ఇళ్ల దరఖాస్తు ఎంతవరకు పనికొస్తుంది? వరంగల్ నుంచి ఒక సమీక్ష

వరంగల్, హనుమకొండల్లో కిరాయికి ఉంటూ సర్కారు ఇంటికోసం ఎదురుచూసేవాళ్లు ముందే తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఇల్లు లేని పేదలకోసం తెలంగాణ సర్కారు పెట్టిన పథకం ఇందిరమ్మ ఇళ్లు. దాని దరఖాస్తు అందరికీ ఒక్కటే, వెబ్‌సైట్ కూడా ఒక్కటే. కానీ సొంత జాగ ఉన్నోళ్ల తొవ్వ వేరు, జాగ లేనోళ్ల తొవ్వ వేరు. మొదటి తొవ్వకు ఐదుకు నాలుగు మార్కులు వేయొచ్చు. రెండో దానికి రెండు మించి వేయలేం.

పథకం 2024 మార్చి 11న భద్రాచలంలో మొదలైంది. అంతకుముందు 2023 డిసెంబర్ 28 నుంచి 2024 జనవరి 6 దాకా జరిగిన సర్కారు కార్యక్రమం ప్రజాపాలనలో తీసుకున్న దరఖాస్తులే దీనికి పునాది. 2024 డిసెంబర్‌లో మొబైల్ యాప్‌తో ఇంటింటి సర్వే చేసి దరఖాస్తుదారులను మూడు జాబితాలుగా విడదీశారు. సొంత జాగ ఉండి ఇల్లు లేనివాళ్లు ఎల్-1. జాగా ఇల్లూ రెండూ లేనివాళ్లు ఎల్-2. పక్కా ఇల్లు ఉన్నట్టు నమోదైనవాళ్లు, ఇతరత్రా అర్హత లేదని తేలినవాళ్లు ఎల్-3. కిరాయిదారులు ఉండాల్సింది ఎల్-2లో.

మీ పేరు ఎక్కడుందో చూసుకోవడానికి ఆఫీసుకు పోనక్కర్లేదు. ఇందిరమ్మ ఇళ్ల వెబ్‌సైట్‌లో ఆధార్, రేషన్ కార్డు, మొబైల్, దరఖాస్తు నంబర్లలో ఏది కొట్టినా వివరాలు వస్తాయి. ప్రజాపాలన రసీదు పారేసుకున్నవాళ్లకు ఇది పెద్ద ఆసరా. ఈ సేవలో మాకు బాగా నచ్చింది ఇదే. నచ్చనిది కూడా అక్కడే ఉంది. ఏ జాబితాలో పడ్డారో తెలుస్తుంది గానీ, సర్వేలో ఏ జవాబు వల్ల అందులో పడ్డారో మామూలు మనిషికి అర్థమయ్యేలా ఉండదు.

కిరాయిదారులకు ఎక్కువ దెబ్బ తగిలేది సర్వే దగ్గరే. సర్వేకు వచ్చినవాళ్లు మీరుంటున్న ఇంటి ఫొటో తీసి, కప్పు ఏ రకం, గోడలు ఏ రకం అని నింపుతారు. నగరంలో కిరాయి ఇల్లంటే చాలామటుకు స్లాబు ఇల్లే. అది సొంతమా కిరాయా అనే గడి తప్పు పడిందంటే, రెండు గదుల కిరాయి పోర్షన్ మీ సొంత పక్కా ఇల్లుగా లెక్కలోకి పోతుంది. అందుకే సర్వేకో మళ్లీ విచారణకో ఎవరైనా వస్తే మూడు కాగితాలు చేతిలో ఉండాలి: కిరాయి ఒప్పందం, ఓనర్ పేరున్న కరెంటు బిల్లు, ఓనర్ పేరున్న ఇంటిపన్ను రసీదు. ఒప్పందం రాసుకోని ఇళ్లే మన దగ్గర ఎక్కువ కాబట్టి మిగతా రెండింటి జిరాక్సులు ఓనర్‌ను అడిగి ముందే తీసిపెట్టుకోండి. ఫోన్‌లో ఏం నింపారో చూపించమని అడగండి. అడగడానికి మొహమాటపడొద్దు, ఆ ఒక్క గడి మీదే మీ జాబితా ఆధారపడి ఉంది.

రెండో చిక్కు చిరునామాది. నర్సంపేట, పరకాల, ములుగు వైపు నుంచి వచ్చి ఎనుమాముల మార్కెట్‌లోనో భవన నిర్మాణంలోనో పనిచేసుకునేవాళ్ల ఆధార్, రేషన్ కార్డు ఊరి అడ్రసు మీదే ఉంటాయి. దరఖాస్తు మాత్రం సిటీ డివిజన్‌లో పెట్టి ఉంటారు. దానికితోడు ఏడాదికో ఇల్లు మారతారు. సర్వేకు వచ్చినవాళ్లకు తలుపు తాళం కనపడితే ఆ దరఖాస్తు అక్కడే ఆగుతుంది. ఇల్లు మారిన ప్రతిసారీ వార్డు ఆఫీసర్‌కు కొత్త అడ్రసు రాసిచ్చి, ఇచ్చినట్టు ముద్ర వేయించుకోవడం ఒక్కటే మందు.

రేషన్ కార్డు సంగతి ఇంకా ముఖ్యం. పెళ్లయి వేరుపడ్డా పేరు తల్లిదండ్రుల కార్డులోనే ఉంటే, ఊళ్లో వాళ్లకున్న ఇల్లు మీ ఇంటి కిందికే వచ్చే ప్రమాదం ఉంది. ముందు మీసేవలో పేరు విడగొట్టించుకుని, కొత్త కార్డుకు పెట్టుకోవాలి. కార్డుకు ఆదాయ పరిమితి ఊళ్లలో ఏడాదికి 1.5 లక్షలు, పట్టణాల్లో 2 లక్షలు. ఇంటి దరఖాస్తుకు మాత్రం ఎవరికీ పైసా ఇవ్వనక్కర్లేదు. జాబితాలో పేరు ఎక్కిస్తామని పైసలు అడిగేవాళ్ల చేతిలో ఏమీ లేదు.

జాగ ఉన్నోళ్ల తొవ్వ ఇంతకన్నా చాలా నయం. సాయం 5 లక్షలు. మహిళ పేరు మీద మంజూరవుతుంది, పని జరిగిన కొద్దీ నాలుగు దశల్లో బ్యాంకు ఖాతాలో పడుతుంది. బేస్‌మెంట్ పూర్తయితేనే మొదటి లక్ష వస్తుంది. అంటే ముగ్గు పోసిన రోజు నుంచి బేస్‌మెంట్ దాకా కంకర, సిమెంటు, స్టీలు, మేస్త్రీ కూలి అన్నీ ఇంటివాళ్లే ముందు పెట్టుకోవాలి. ఊళ్లలో మహిళా సంఘం అప్పు, ఉపాధి హామీ పనిదినాలు కొంత ఆదుకుంటాయి. నగరంలో ఉపాధి హామీ లేదు. కాబట్టి సిటీలో కట్టుకునేవాళ్లు మొదటి దశకు పైసలు చేతిలో పెట్టుకోకుండా గుంతలు తవ్వించొద్దు.

కొలత దగ్గర జాగ్రత్త. ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గొద్దు, 600 దాటొద్దు. కప్పు ఆర్‌సీసీ స్లాబే వేయాలి, వంటగది, మరుగుదొడ్డి ఉండాలి. ఎలాగూ కడుతున్నాం కదా అని ఇంకో గది కలిపి 700 అడుగులు పోసినవాళ్లకు బిల్లు ఆగుతుంది. మేస్త్రీలు గది లోపలి కొలత చెబుతారు, లెక్కకు వచ్చేది గోడలతో కలిపిన కొలత. 600కు అంచున గీసిన ప్లాన్ గోడల మందంతోనే హద్దు దాటుతుంది. 560, 570 దగ్గర ఆపితే నిశ్చింత. ముగ్గు పోసేటప్పుడే ఇంజనీర్‌ను పిలిపించి, జాగ ఎక్కడుందో తెలిపే గుర్తుతో (జియోట్యాగ్) ఫొటో నమోదయ్యేదాకా పని మొదలుపెట్టొద్దు. ఇంకోచోట ఎత్తిన బేస్‌మెంట్‌గానీ పాత గోడలుగానీ చూపిస్తే ఒప్పుకోరు.

సిటీ బస్తీల్లో జాగకు రిజిస్ట్రేషన్ ఉండదు, నోటరీ కాగితమో సాదా బైనామానో (తెల్లకాగితం మీద రాసుకున్న అమ్మకం పత్రం) ఉంటుంది. సర్కారు జాగలో ఇల్లు కట్టుకున్న పేదలకు హక్కు ఇచ్చే జీవో 58 కింద 125 గజాల లోపు జాగకు పట్టా అందుకున్నవాళ్లు ఆ కాగితమే ముందు పెట్టాలి. చెరువు శిఖంలో (చెరువు నీళ్లు నిలిచే జాగ), నాలా పక్కన ఉన్న జాగల మీద ఆశ పెట్టుకుని ఇల్లు మొదలుపెట్టడం మంచిది కాదు.

బిల్లు మంజూరైనా పైసలు పడకపోతే ముందు చూడాల్సింది ఆధార్ ఏ బ్యాంకుకు జత అయి ఉందన్నది. మూడు ఖాతాలున్నవాళ్లకు చివరగా ఆధార్ జత చేసిన ఖాతాలోకే పైసలు పోతాయి. అందులోకి వచ్చిన లక్ష తెలియక ఆఫీసుల చుట్టూ తిరిగేవాళ్లున్నారు.

ఇక మళ్లీ జాగ లేనోళ్ల దగ్గరికి. ఎల్-2లో పేరుంటే చేతికొచ్చేది డబ్బు కాదు, సర్కారు జాగనో కట్టిన ఇల్లో చూపించేదాకా ఎదురుచూపు. ఇదివరకటి రెండు పడక గదుల ఇళ్లు 560 చదరపు అడుగులవి, అమ్ముకోవడానికి కిరాయికివ్వడానికి వీల్లేనివి. అలాంటి ఇళ్లు ఎన్ని ఖాళీగా ఉన్నాయి, మీ డివిజన్ నుంచి ఎంతమంది వరుసలో ఉన్నారు అనేది దరఖాస్తుదారుకు నంబర్‌తో సహా చెప్పే ఏర్పాటు ఉండాలి. అది లేకపోవడమే మా మార్కులు తగ్గడానికి అసలు కారణం. ఏళ్లకేళ్లు కిరాయి కట్టే మనిషికి తన వంతు 50వదో 5,000వదో తెలిస్తేనే ఉండాలా ఊరికి పోవాలా అని తేల్చుకోగలడు.

జీతం నికరంగా వచ్చే కిరాయిదారులు ఇక్కడే ఆగిపోకుండా కేంద్రం పథకం కూడా చూడాలి. 2024 సెప్టెంబర్‌లో మొదలైన పట్టణ ప్రధానమంత్రి ఆవాస్ రెండో విడతలో వడ్డీ రాయితీ ఉంది. ఏటా 9 లక్షల లోపు ఆదాయం, 35 లక్షల లోపు ఇల్లు, 25 లక్షల లోపు అప్పు ఉన్నవాళ్లకు మొదటి 8 లక్షల మీద 4 శాతం లెక్కన గరిష్ఠంగా 1.80 లక్షలు ఐదు ఏటి కిస్తుల్లో అప్పు ఖాతాలో పడతాయి. ప్రతి కిస్తు వచ్చేనాటికి అసలులో సగానికి పైగా బాకీ ఉండాలి. కాబట్టి బోనస్ వచ్చిందని అప్పు ముందే తీర్చేస్తే మిగిలిన రాయితీ పోతుంది. దేశంలో ఎక్కడా కుటుంబం పేరు మీద పక్కా ఇల్లు ఉండొద్దు, గత 20 ఏళ్లలో సర్కారు ఇల్లు పొంది ఉండొద్దు. ఊళ్లో భార్య పేరు మీద పాత ఇందిరమ్మ ఇల్లు ఉండి, అది కూలిపోయినా సరే, మంజూరైన ఏడాది ముందే చూసుకోండి.

ఇదే పథకంలో కార్మికులు, వలస వచ్చినవాళ్లు, ఉద్యోగం చేసే మహిళల కోసం తక్కువ కిరాయి ఇళ్లు కట్టే విభాగం కూడా ఉంది. దాని రాయితీ కట్టేవాళ్లకు పోతుంది, కిరాయిదారు ఖాతాలో ఏమీ పడదు. గీసుగొండ, సంగెం వైపు 2017లో పునాదిరాయి పడ్డ కాకతీయ టెక్స్‌టైల్ పార్కు కార్మికులకు కావాల్సింది సరిగ్గా ఇలాంటివే. సొంతిల్లు దాకా ఆగలేని కుటుంబానికి పని దగ్గర నెలకు తగ్గ కిరాయి ఇల్లే అసలు సాయం.

ఫిర్యాదుకు వెబ్‌సైట్ ఉంది, సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణి ఉంది. కాశిబుగ్గ, కరీమాబాద్ వాళ్లు వరంగల్ కలెక్టరేట్‌కు, హనుమకొండ, కాజీపేట వాళ్లు హనుమకొండ కలెక్టరేట్‌కు పోవాలి. నగరపాలక సంస్థ ఒక్కటే అయినా జిల్లాలు వేరు, ఒకదాని అర్జీ ఇంకోదాంట్లో ఇస్తే ఆ వారం పోయినట్టే. అర్జీలో దరఖాస్తు నంబర్, ఇప్పుడున్న జాబితా, మారాల్సిన గడి, ఈ మూడూ మొదటి నాలుగు లైన్లలోనే రాయండి. రసీదు నంబర్ తీసుకున్నాకే కౌంటర్ దగ్గర్నుంచి కదలండి.