పాత పీసీకి సెకండ్ హ్యాండ్ ఆర్‌ఎక్స్ 6600: రెండేళ్ళు దాటాక

2023 వేసవిలో పన్నెండున్నర వేలకు తీసుకున్న ఆర్‌ఎక్స్ 6600 (ఏఎమ్‌డీ కంపెనీ గ్రాఫిక్స్ కార్డు, తెర మీద ఆట బొమ్మలు గీసే భాగం) ఇంకా నా పీసీలోనే ఉంది. ఇప్పట్లో తీసే ఉద్దేశం కూడా లేదు. 1080పీ (ఫుల్ హెచ్‌డీ) మానిటర్ చాలనుకునేవాళ్ళు, ఎస్‌ఎమ్‌పీఎస్ (పీసీకి కరెంటు ఇచ్చే డబ్బా) మార్చే ఓపిక లేనివాళ్ళు నిశ్చింతగా కొనదగ్గ కార్డు ఇది. కళ్ళు మూసుకుని కొనేయమని మాత్రం అనను, సెకండ్ హ్యాండ్ కదా.

నాది రైజెన్ 5 2600 ప్రాసెసర్, బీ450 మదర్‌బోర్డు, 16 జీబీ ర్యామ్, 450 వాట్ల ఎస్‌ఎమ్‌పీఎస్. అందులో అప్పటిదాకా ఎన్‌విడియా కార్డు జీటీఎక్స్ 1050 టీఐ ఉండేది. 2016 నాటి ఆ 4 జీబీ కార్డుకు బోర్డు స్లాట్ నుంచి వచ్చే 75 వాట్లే చాలు, విడిగా పవర్ కేబుల్ కూడా అక్కర్లేదు. అలాంటి కార్డు తీసి పెద్దది పెట్టాలంటే ముందు చూడాల్సింది యూట్యూబ్‌లో ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఎన్ని ఫ్రేములు) లెక్కలు కాదు, క్యాబినెట్ పక్క తలుపు తీసి ఎస్‌ఎమ్‌పీఎస్ మీది స్టిక్కర్. నా దాంట్లో కార్డుకు పెట్టే 8 పిన్ కేబుల్ ఒక్కటే ఉంది. సగం కార్డులు అక్కడే రాలిపోయాయి.

2022 సెప్టెంబరులో ఇథీరియం మైనింగ్ (గ్రాఫిక్స్ కార్డులతో క్రిప్టో డబ్బు సంపాదించడం) ఆగిపోయాక కార్డులు కుప్పలుగా బయటికి వచ్చాయి. ఓఎల్‌ఎక్స్ నిండా అవే. ఆరేడు వేలకు ఆర్‌ఎక్స్ 580 దొరికేది. కానీ అది 185 వాట్లు తాగుతుంది, పైగా 2017 నాటిది. దాంట్లో 2048 ఎస్‌పీ అని ఇంకో రకం తిరుగుతోంది: పేరు 580, లోపల ఉండేవి 570కి ఉన్నన్ని కోర్‌లే. అసలైన దాంట్లో 2304 ఉండాలి. జీపీయూ-జడ్ (కార్డు వివరాలు చూపే సాఫ్ట్‌వేర్) తెరిస్తే ఒక్క నిమిషంలో తేలిపోతుంది, కానీ అమ్మేవాడు ఆ నిమిషం ఇవ్వాలి కదా.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఒక షాపతను కొత్త ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ తీసుకోమన్నాడు, బిల్లు, వారంటీ అన్నీ ఇస్తానని. ఆ కార్డు బోర్డుతో మాట్లాడేది నాలుగు పీసీఐఈ లేన్‌ల (డేటా దారుల) మీదే. దారి వేగం రెట్టింపుండే పీసీఐఈ 4.0 బోర్డులో ఎలాగో నెట్టుకొస్తుంది గానీ, నా బోర్డులాంటి 3.0 మీద, అదీ 4 జీబీ మెమరీతో, బాగా చతికిలబడుతుంది. 6600కీ ఎనిమిది లేన్‌లే, కానీ 8 జీబీ ఉండటంతో 3.0 మీద పోయేది చాలా ఆటల్లో పట్టించుకోనక్కర్లేనంత. ఆర్‌టీఎక్స్ 3060 మీద మనసు పోయింది, 12 జీబీ మరి. అయితే దానికి 170 వాట్లు, ఎన్‌విడియా సిఫారసు చేసేది 550 వాట్ల ఎస్‌ఎమ్‌పీఎస్. అడిగినవాళ్ళంతా పద్దెనిమిది వేల పైనే చెప్పారు. పైగా పాత ప్రాసెసర్ మీద డీఎక్స్12 (విండోస్ గ్రాఫిక్స్ వ్యవస్థ) వాడే ఆటల్లో ఎన్‌విడియా డ్రైవర్ ప్రాసెసర్‌కు ఎక్కువ పని పెడుతుంది. 6600 లాగేది 132 వాట్లు, ఏఎమ్‌డీ అడిగేది 450 వాట్ల ఎస్‌ఎమ్‌పీఎస్.

చివరికి పోటీలో మిగిలింది జీటీఎక్స్ 1660 సూపర్. మూడు వేలు తక్కువకే వచ్చేది. నన్ను ఆపింది దానికి రే ట్రేసింగ్ (వెలుతురు, నీడలు నిజంగా ఉన్నట్టు లెక్కగట్టే పద్ధతి) హార్డ్‌వేర్ లేకపోవడం. అప్పట్లో స్నేహితులు నవ్వారు, ఈ తరగతి కార్డుల్లో రే ట్రేసింగ్ ఎవడు ఆన్ చేస్తాడని. నిజమే, నేనూ సరదాగా ఆన్ చేసింది లేదు. కానీ 2024 డిసెంబరులో వచ్చిన ఇండియానా జోన్స్ అండ్ ది గ్రేట్ సర్కిల్ ఆ హార్డ్‌వేర్ లేని కార్డులను మొదట్లోనే పక్కన పెట్టింది. దాని కనీస అర్హతల్లో ఏఎమ్‌డీ వైపు ఉన్న పేరు ఆర్‌ఎక్స్ 6600.

కార్డు దొరికింది కూకట్‌పల్లిలో ఒక కుర్రాడి దగ్గర. "మైనింగ్ జెయ్యలేదన్నా, నేనే ఆడుకున్న" అన్నాడు. ఈ మాట అనని అమ్మకందారుణ్ని నేనింకా చూడలేదు. నా వరకు మైనింగ్ అనగానే పారిపోనక్కర్లేదు. చిప్ మామూలుగా బాగానే ఉంటుంది, అరిగేవి ఫ్యాన్‌లు, ఎండిపోయేవి థర్మల్ ప్యాడ్‌లు (వేడిని లాగే మెత్తటి పట్టీలు). కాబట్టి చూడాల్సినవి అవే. ఫ్యాన్‌ను వేలితో తిప్పితే గరగర రాకూడదు, అటూ ఇటూ ఊగకూడదు. బోర్డు వెనక ప్యాడ్ నూనె కారిన మరకలుంటే బాగా కాగిన కార్డని అర్థం. సముద్రం పక్క ఊళ్ళ నుంచి వచ్చిన కార్డైతే బ్రాకెట్ తుప్పు చూడండి, విశాఖ నుంచి కొరియర్‌లో వచ్చిన ఒక కార్డుకు పోర్టుల లోపల కూడా పట్టి ఉండటం స్నేహితుడి దగ్గర చూశాను. బిల్లు మీది సీరియల్ నంబరు, డబ్బా మీదిది, కార్డు మీదిది మూడూ ఒకటే కావాలి.

వాళ్ళింట్లోనే జీపీయూ-జడ్ తెరిపించాను, షేడర్‌లు (కోర్‌లు) 1792 చూపించింది, 6600కు ఉండాల్సినవి అవే. ఆ తర్వాత కార్డును పూర్తిగా కష్టపెట్టే ఫర్‌మార్క్ పరీక్ష ఒక పావుగంట. తెర మీద చుక్కలు, గళ్ళు రాలేదు. అసలు వేడి కన్నా నేను చూసేది దానికీ హాట్‌స్పాట్‌కూ (చిప్‌లో అన్నిటికన్నా కాగే చోటు) ఉన్న తేడా. ఇరవై దాకా అయితే సరే, ముప్పై దాటితే చిప్ మీది థర్మల్ పేస్టు పోయినట్టే. ఇది పదహారు డిగ్రీల దగ్గర ఆగింది. నాలుగు డిస్‌ప్లే పోర్టులూ కేబుల్ మార్చి మార్చి చూశాను. కుర్రాడు విసుక్కున్నాడు గానీ వాళ్ళమ్మగారు టీ ఇచ్చారు.

ఇంటికొచ్చి డీడీయూ అనే సాఫ్ట్‌వేర్‌తో పాత డ్రైవర్ శుభ్రంగా తీసి కార్డు పెట్టాను. మామూలు ఆటల్లో 1050 టీఐతో పోలికే లేదు, మీడియం సెట్టింగుల్లో ఈడ్చుకొచ్చినవి హైలో అరవై ఎఫ్‌పీఎస్ పైన నడిచాయి. జనం కిక్కిరిసిన నగరాల ఆటల్లో మాత్రం కార్డు వాడకం అరవై శాతం దగ్గరే ఆగేది. అక్కడ అడ్డుపడింది 2600 ప్రాసెసర్. తర్వాతి ఏడాది బయాస్ అప్‌డేట్ చేసి సెకండ్ హ్యాండ్ రైజెన్ 5 5600 పెట్టాక అదే కార్డు ఒళ్ళు విరుచుకుంది. ఏఎమ్4 (ఈ రెండు ప్రాసెసర్‌లూ పట్టే సాకెట్) బోర్డున్నవాళ్ళకు ఉన్న అదృష్టం ఇది. ఇంటెల్ నాలుగో తరం, ఆరో తరం ఐ5లతో ఉన్నవాళ్ళు ఇంతకన్నా పెద్ద కార్డుకు డబ్బు పెట్టడం దండగ.

రెండో వేసవిలో ఫ్యాన్ మోత పెరిగింది. మే నెల మధ్యాహ్నం ఏసీ లేని గదిలో హాట్‌స్పాట్ వందకు చేరేది. ఏఎమ్‌డీ పెట్టుకున్న హద్దు 110, కాబట్టి ప్రమాదమేమీ లేదు, కానీ చెవులు పోయేవి. పేస్టు మార్చి, ఏఎమ్‌డీ అడ్రినలిన్ సాఫ్ట్‌వేర్‌లో వోల్టేజ్ కాస్త తగ్గిస్తే మోత సద్దుమణిగింది, ఎఫ్‌పీఎస్ తగ్గలేదు. ఇంకో సుఖం ఏమిటంటే, నా మామూలు 600 వీఏ యూపీఎస్ దీన్ని మోస్తుంది. ఆట మధ్యలో కరెంటు పోయినా సేవ్ చేసి ఆపుకునే వ్యవధి దొరుకుతుంది.

నచ్చనివీ ఉన్నాయి. 1080పీలో ఏఎమ్‌డీ ఎఫ్‌ఎస్‌ఆర్ 2 (చిన్న బొమ్మను పెంచి చూపి వేగం తెచ్చే పద్ధతి) పెడితే జుట్టు, తీగలు, గడ్డి మెరమెరలాడతాయి. ఉన్నచోట అలాంటిదే ఇంటెల్ ఎక్స్‌ఈఎస్‌ఎస్ వాడుకోవడం నయం, వేగం కొంచెం తగ్గినా. ఎన్‌విడియా పద్ధతి డీఎల్‌ఎస్‌ఎస్ ఉన్న స్నేహితుడి తెర చూస్తే కుళ్ళు పుడుతుంది. బ్లెండర్ (3డీ బొమ్మలు చేసే సాఫ్ట్‌వేర్), ఇంట్లోనే నడిపే ఏఐ మోడల్‌లు మీ పనైతే ఈ కార్డు జోలికి రాకండి. అలాంటి పనులకు ఏఎమ్‌డీ ఇచ్చే సాఫ్ట్‌వేర్ ఆర్‌ఓసీఎమ్ అధికారిక జాబితాలో ఇది లేదు, లినక్స్‌లో దొంగదారిన నడిపించుకోవాలి. అలాంటివాళ్ళు కొత్త ఎస్‌ఎమ్‌పీఎస్ కొనుక్కుని 3060కే వెళ్ళాలి. కొత్త ఆటల్లో అల్ట్రా టెక్స్చర్‌లకు 8 జీబీ చాలదు, హైలో పెట్టుకుంటే నాకు తేడా కనబడదు.

డ్రైవర్ల సంగతి కొనేముందు తెలుసుకోవాలి. జీటీఎక్స్ 10 సిరీస్‌కు గేమ్ డ్రైవర్లు 2025 అక్టోబరుతో ముగించి, ఆ తర్వాత 2028 అక్టోబరు దాకా భద్రతా అప్‌డేట్‌లేనని ఎన్‌విడియా ముందే ప్రకటించింది, కాబట్టి ఎంత చవగ్గా వచ్చినా 1070, 1080 ఇప్పుడు వద్దు. ఏఎమ్‌డీ కూడా అదే నెలలో 5000, 6000 సిరీస్‌లను వేరే డ్రైవర్ శాఖలోకి మార్చింది. గొడవ లేచాక కొత్త ఆటలకు మద్దతు ఆపడం లేదని వివరణ ఇచ్చింది. ఆ మాట మీద నాకు సగం నమ్మకమే. అందుకే ఇవాళ ఎవరైనా 6600 అమ్మజూపితే, వారంటీ అయిపోయిన కార్డుకు పదివేలు దాటి ఇవ్వను. పావుగంట ఫర్‌మార్క్ నడపనివ్వనివాడి దగ్గరైతే ఐదు వేలకు కూడా తీసుకోను.